దివిసీమలో నాలుగు రోజులు

సంక్రాంతి సెలవుల్లో ఎక్కడికైనా వెళదామని మా యింట్లో ప్రతి యేడూ ఒక ప్రతిపాదన వస్తుంది. ప్రతి యేడూ అది పరవాడలో బయలుదేరి ముత్యాలమ్మపాలెం దాకా వెళ్ళి ఆగిపోతుంది. ముత్యాలమ్మపాలెం మాకు దగ్గరి సముద్రం. పొద్దున పులిహోర కట్టుకొని వెళితే సాయంత్రానికి కాళ్ళనిండా ఇసుకతో యింటికి వచ్చి పడతాము. మా అత్తగారు పండుగకు మా యింట్లో వుంటే ఆ మాత్రం ప్రయాణానికి కూడా రాదు. "మీరు వెళ్ళి రండి, యిల్లు నేను చూస్తుంటాను" అంటుంది. పెద్దావిడ, ఎండకు ఓర్చుకోలేదు కాబోలు అనుకునేవాణ్ణి.

ఈ యేడు మాత్రం నేను గట్టిగా పట్టుపట్టాను. దానికి కారణం ఒక డచ్చి దీవి.

అనకాపల్లిలో తెలుగు పాఠాలు చెప్పుకునేవాడికి డచ్చి దీవితో ఏమి పని అంటారేమో! ఆ మధ్య మా విద్యార్థులను భీమునిపట్నం తీసుకువెళ్ళి అక్కడి డచ్చివారి సమాధులు చూపించాను. ఒక అమ్మాయి రాతి పలక మీది అక్షరాలను వేలితో తడుముతూ "వీళ్ళు ఏ వూళ్ళో ఓడ ఎక్కారండీ?" అని అడిగింది. చూడండి, ఇన్నేళ్ళుగా అక్కడికి వెళుతున్నా నాకు తోచని ప్రశ్న. జవాబు వెతుక్కుంటూ పోతే హాలెండు దేశానికి ఉత్తరపు కొసన వున్న టెస్సెల్ అనే చిన్న దీవి తగిలింది. తూర్పు దేశాలకు వచ్చే డచ్చి కంపెనీ ఓడలు అనుకూలమైన గాలి కోసం ఆ దీవి పక్కన లంగరు వేసుకొని కూర్చునేవట. దీవి నడుమనున్న డెన్ బర్గ్ అనే వూళ్ళో ఒక అనాథ శరణాలయం వుండేది. దానికి చెందిన బావుల నీళ్ళు పీపాల్లో చాలాకాలం చెడకుండా నిలుస్తాయని ఓడలవాళ్ళు అవే కొనుక్కునేవారు. ఆ డబ్బుతో తల్లిదండ్రులు లేని పిల్లలకు అన్నం నడిచేది. ఆ నీళ్ళు తాగుతూ బయలుదేరినవాళ్ళే మన బందరులోనూ భీమిలిలోనూ తేలారన్నమాట. బందరులో వలందపాలెం అనే పేట నేటికీ వుంది. మన పెద్దలు డచ్చివారిని వలందావారు అనేవారు మరి.

ఇప్పుడు ఆ టెస్సెల్ విహారస్థలం. ఏడు వూళ్ళు. ఒకటి రేవు, ఒకటి సంత, ఒకటి సముద్రస్నానాలకు వచ్చేవాళ్ళతో కిటకిటలాడే వూరు, ఒకటి చర్చి చుట్టూ గుట్టుగా ముడుచుకొని కూర్చున్న వూరు. మొత్తం దీవి పొడవు 25 కిలోమీటర్లు కూడా వుండదు గాని, ఒక వూరి తీరు ఇంకొక వూరికి లేదట. సైకిలు మీద రెండు రోజుల్లో అన్నీ చూసి రావచ్చునట. ఇదంతా నేను ఉత్సాహంగా చదివి వినిపించి, "మనకూ ఒక దీవి వున్నది, దివిసీమ. అక్కడి వూళ్ళు కూడా యిలాగే ఒక్కొక్కటీ చూసి వద్దాము" అన్నాను.

మా ఆవిడ కూరగాయల కత్తి ఆపి నా వంక చూసింది. "మా అమ్మమ్మగారి వూరు వెళ్ళడానికి వలందావాళ్ళు చెప్పాలా మీకు?" అన్నది.

నిజమే. మా అత్తగారి పుట్టిల్లు దివిసీమ. నాగాయలంకకు దిగువన, సముద్రానికి దగ్గరగా ఒక పల్లె. పెళ్ళయి పద్దెనిమిదేళ్ళయినా నేను ఆ వూరు చూడలేదు. ఎవరూ రమ్మననూ లేదు.

అత్తగారు వుయ్యూరులో వుంటుంది. ఫోను చేస్తే ఆశ్చర్యంగా తానూ వస్తానన్నది. "నాగాయలంకలో మా మేనమామ కొడుకు యింట్లో దిగుదాము. కాని అల్లుడుగారూ, నేను అక్కడిదాకానే. అక్కణ్ణుంచి దిగువకు మీరు వెళ్ళండి, నేను రాను" అని ముందే షరతు పెట్టింది.

అనకాపల్లిలో రైలెక్కి బెజవాడలో దిగి, వుయ్యూరులో అత్తగారిని ఎక్కించుకొని అద్దెకారులో బయలుదేరాము. దారిలో కూచిపూడి వచ్చింది. పక్కనే క్షేత్రయ్య పుట్టిన మువ్వ. కృష్ణ ఒడ్డుకు పోతే కృష్ణదేవరాయలకు ఆముక్తమాల్యద రాయమని కలలో ఆజ్ఞ అయిన శ్రీకాకుళం. తెలుగు ఎం.ఏ. చదివినవాణ్ణి ఈ దారిలో కారు దిగకుండా కూర్చోపెట్టడం కంటే పెద్ద శిక్ష వుండదు. దిగితే సాయంత్రం దాకా ఎక్కనని మా ఆవిడకు తెలుసు గనుక డ్రైవరుతో "ఆపకు బాబూ" అన్నది.

మోపిదేవిలో మాత్రం ఆగాము. సుబ్రహ్మణ్యేశ్వరుడు ఇక్కడ లింగరూపంలో వుంటాడు. పాము చుట్టలే పానవట్టం. సంతానం కోసమని, సర్పదోషమని, చెవులు కుట్టించాలని జనం వస్తూనే వుంటారు. పుట్టు వెంట్రుకలు తీయించుకొని ఏడ్చే పిల్లలు, పాలగిన్నెతో పుట్టచుట్టూ తిరిగే కొత్త కోడళ్ళు, అరటిపళ్ళవాళ్ళు—పండుగ రోజులు కదా, నిలబడటానికి చోటు లేదు. మా ఆవిడ చెవులు కుట్టింది ఇక్కడేనట. అది చెప్పేటప్పుడు అత్తగారి ముఖంలో మంచి వెలుగు కనబడింది.

పాత లెక్కలో చల్లపల్లి, మోపిదేవి అన్నీ దివి తాలూకాలోవే. కాని నిజంగా నీళ్ళ నడుమ నేల పులిగడ్డ దాటిన తరువాతే. ఇక్కడ కృష్ణ చీలుతుంది. పెద్దపాయ తిన్నగా నాగాయలంక వైపు పోతుంది, చిన్నపాయ తూర్పుగా తిరిగి హంసలదీవి దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఈ రెంటి నడుమ, సముద్రపు అంచుదాకా వున్నదే దీవి. పులిగడ్డ దగ్గర చూడవలసిన వింత ఒకటి వుంది—కింద ఏటిపాయ, దానిమీద కమానులు కట్టి పైన కాలవ. నీటి మీద నీళ్ళు! బెజవాడ ఆనకట్ట దగ్గర బయలుదేరిన తీపినీళ్ళు డెల్టా అంతా తిరిగి, ఈ వంతెన మీదుగా ఏరు దాటి దీవిలోకి వస్తాయి. మా అబ్బాయి ఎనిమిదో తరగతి. "కిందే నది వుంటే పైనుంచి నీళ్ళెందుకు నాన్నా?" అన్నాడు. నేను ఆలోచించేలోగా అత్తగారే చెప్పింది. "వేసవిలో కింది నీళ్ళు ఉప్పన రా. సముద్రం పోటుకు ఎగదన్నుతుంది. ఆ పైన వచ్చేదే తాగేది, ఆ పైన వచ్చేదే పండేది."

తరువాత నాలుగు రోజులూ నేను చూసిన వూళ్ళన్నిటికీ తాళంచెవి ఆ మాటే అయింది. ఏ వూరు ఎంత దూరం నుంచి కాలవకు దగ్గర, ఎంత దూరం నుంచి సముద్రానికి దగ్గర—అది తెలిస్తే చాలు, ఆ వూళ్ళో యిళ్ళు ఎలా వుంటాయో, ఏమి తింటారో, రాత్రి గాలి వీస్తే ఎవరు నిద్రలేస్తారో చెప్పవచ్చు.

అవనిగడ్డ కాలవ వూరు. దుకాణాలు, బస్సులు, మండలి వెంకట కృష్ణారావుగారి విగ్రహం. 1975లో హైదరాబాదులో మొదటి ప్రపంచ తెలుగు మహాసభలు జరిపించిన విద్యామంత్రి ఆయన, ఈ వూరి నుంచే ఎన్నికైనవారు. మా వంటివాళ్ళకు ఆయన పేరు చెబితే చేతులు జోడించాలనిపిస్తుంది. ఇప్పుడు మాత్రం అవనిగడ్డ పేరు చెబితే రాష్ట్రంలో నిరుద్యోగులకు గుర్తు వచ్చేది డి.ఎస్.సి. శిక్షణ. పంతులు ఉద్యోగం కోసం ఎక్కడెక్కడి కుర్రవాళ్ళూ వచ్చి ఇక్కడ గదులు తీసుకొని చదువుతారు. ఒక టీకొట్టు దగ్గర "నమస్కారమండీ" అని ఎవరో లేచి నిలబడ్డారు. చూస్తే మూడేళ్ళ కిందట మా కాలేజీలో చదివిన పిల్లవాడు! సబ్బవరం దగ్గరి వాడు. ఇక్కడ ముగ్గురు కలిసి ఒక గదిలో వుంటున్నారట. పండుగకు యింటికి వెళ్ళలేదా అంటే "ఉద్యోగం వచ్చాకే వెళదామని" అన్నాడు. సముద్రం చూశావా అంటే "సమయం కుదరలేదండీ" అన్నాడు. దీవిలో ఏడాది వుండి సముద్రం చూడనివాడు! టీ డబ్బులు ఎంత చెప్పినా వాడే ఇచ్చాడు. నాకు చాలాసేపు మనసు ఎలాగో అయింది.

చీకటి పడే వేళకు నాగాయలంక చేరాము. ఇది ఏటి వూరు. నిజంగా విహారానికి వచ్చేవాళ్ళు రావలసింది ఇక్కడికే. శ్రీరామపాదక్షేత్రం రేవులో మెట్లమీద కూర్చుంటే ఎదురుగా కృష్ణ ఆవలి గట్టు కనబడనంత వెడల్పుగా వుంటుంది. దాన్ని నది అనడానికి నోరు రాదు, సముద్రమనడానికి అల లేదు. 2016 పుష్కరాలకు ఈ రేవు కళకళలాడిందని ఇప్పటికీ చెప్పుకుంటారు. పడవలో తిప్పుతామంటే పిల్లలు ఎగిరి గంతులు వేశారు. అత్తగారు కూడా చీర కుచ్చెళ్ళు ఎత్తిపట్టుకొని పడవ ఎక్కింది. నీళ్ళంటే భయమనుకున్న నా లెక్క తప్పని అప్పుడే తెలిసింది. ఏరంటే ఆవిడకు భయం లేదు.

ఆ రాత్రి మేనమామ కొడుకుగారి యింట్లో భోజనం గురించి రాయకపోతే కృతఘ్నత. పండుగొప్ప పులుసు, రొయ్యల ఇగురు, పీతల కూర, గోంగూర, గడ్డపెరుగు. "మా ఉత్తరాది అల్లుడుగారికి కారం ఎక్కువైందేమో" అని ఆయన ఒకటే హాస్యం. ఎక్కువే అయింది. నేను ఒప్పుకోలేదు.

మరునాడు ఎదురుమొండి వెళ్ళాము. ఇది దీవిలో దీవి. ఏటిమొగ దగ్గర రేవులో పంటు ఎక్కాలి. మనుషులు, మోటారుసైకిళ్ళు, గడ్డిమోపులు, పెళ్ళికూతురు తాలూకు బీరువా—అన్నీ దాని మీదే. అవతల నాలుగైదు పల్లెలు. ఇక్కడివాళ్ళ సంభాషణ ఎక్కడ మొదలైనా చివరికి పంటు దగ్గరికే వస్తుంది. ఇక్కడి పిల్లలు పంటు వేళలు ఎక్కాల కంటే ముందు నేర్చుకుంటారట. గాలి వస్తే పంటు ఆగుతుంది, పంటు ఆగితే బడిపంతులు రాడు. "పురిటినొప్పులకు మాత్రం గాలీవానా తెలియదు కదండీ" అన్నది రేవులో పక్కన కూర్చున్న ఒకావిడ. వంతెన కావాలని వాళ్ళు అడగబట్టి ఏళ్ళు గడిచాయి. తిరిగి వచ్చేటప్పుడు పంటు కోసం గంటసేపు ఎండలో నిలబడి, ఆ గంటకే మేము విసుక్కున్నాము.

మూడవనాడు అత్తగారిని యింట్లో వుంచి కోడూరు మీదుగా హంసలదీవి వెళ్ళాము. దారి పొడుగునా వరి కోసిన మాగాణిలో మినుము పచ్చగా పరుచుకొని వున్నది. అక్కడక్కడ కుప్పలు. చివర వేణుగోపాలస్వామి గుడి. పాపాలు కడుక్కోవడానికి కాకి రూపంలో వచ్చినవాళ్ళు ఇక్కడి సంగమంలో మునిగి హంసలై తేలారని స్థలపురాణం. మాఘపూర్ణిమకు స్వామి కల్యాణం, సముద్రస్నానాలు. ఆనాడు వేలకు వేలు జనం. మామూలు రోజు కనుక అర్చకులు తీరికగా కథంతా చెప్పారు. మా అమ్మాయి ఐదవ తరగతి. "అయితే ఆ హంసలన్నీ ఎక్కడికి వెళ్ళాయి?" అని అడిగింది. "అవి మళ్ళీ కాకులైతేగాని రావమ్మా" అన్నారాయన. ఈ జవాబు ఏ పురాణంలోనూ లేదని నా నమ్మకం గాని, చాలా బాగుంది.

గుడి దాటి కొద్ది మైళ్ళు పోతే పాలకాయతిప్ప. అదొక్కసారిగా వేరే లోకం. చెట్టూ చేమా తగ్గి, నేల బూడిదరంగుకు తిరిగి, వలలు, ఎండుచేపల వాసన, ఒడ్డుకు లాగిన పడవలు. గుడి వూళ్ళో సముద్రాన్ని తీర్థమంటారు, ఇక్కడ "పని" అంటారు. "ఇయ్యాళ పనిలోకి పోలేదా?" అంటే సముద్రంలోకి వెళ్ళలేదా అని. ఒకటే నీళ్ళు, ఇంత దగ్గర రెండు వూళ్ళు, రెండు మాటలు! ఇక్కణ్ణుంచి మడ అడవి మొదలవుతుంది. కృష్ణా అభయారణ్యమంటారు. బురదలోంచి మేకులు దిగ్గొట్టినట్టు వేళ్ళు పైకి పొడుచుకువచ్చే మడచెట్లు, వాటిలో చేపలు పట్టి తినే బావురుపిల్లి. ఈ నెలల్లో సముద్రతాబేళ్ళు ఇసుకలో గుడ్లు పెట్టడానికి వస్తాయి. అటవీశాఖవాళ్ళు గుడ్లను ఏరి కంచె వేసి కాపాడి, పిల్లలను నీటిలో వదులుతారు. సంగమం దగ్గర ఏటినీళ్ళు ఒక రంగు, సముద్రం ఒక రంగు. పిల్లలు ఒక కాలు అటూ ఒక కాలు ఇటూ పెట్టి నిలబడాలని చాలా ప్రయత్నించారు. నేను కూడా, ఎవరూ చూడనప్పుడు, ప్రయత్నించాను.

రాత్రి యింటికి వచ్చి ఈ కథలన్నీ చెపుతుంటే అత్తగారు వడియాల డబ్బా మూత తీస్తూ పెడుతూ విన్నది. ఉన్నట్టుండి "రేపు నేనూ వస్తాను" అన్నది. ఎవరూ ఎక్కడికని అడగలేదు.

నాలుగవనాడు పొద్దున సొర్లగొంది వైపు బయలుదేరాము. నాగాయలంక దాటిన కొద్దిసేపటికి కాలవ సన్నబడింది. మరి కాస్త పోయేసరికి అందులో నీళ్ళకంటే గుర్రపుడెక్క ఎక్కువైంది. ఆవిడ కారు అద్దం దించి కూర్చున్నది. అంతవరకూ ఒక్కసారి కూడా చెప్పని సంగతి, దారి వంకే చూస్తూ, పిల్లల ఎదుటనే చెప్పుకొచ్చింది.

1977 నవంబరు 19. శనివారం. ఆవిడకు పద్దెనిమిదేళ్ళు. పొలాల్లో వరి కోతకు వచ్చి వున్నది. పొద్దుటినుంచి గాలి. మధ్యాహ్నానికి పాకలు ఎగిరిపోతుంటే చుట్టుపక్కలవాళ్ళంతా వీళ్ళ పెంకుటింట్లోకి వచ్చారు. సాయంత్రం వాకిట్లోకి నీళ్ళు వచ్చాయి. "కృష్ణకు వరద వచ్చినట్టుంది, దిగిపోతుంది లే" అన్నాడట వాళ్ళ నాన్నగారు. తమ్ముడు, పదిహేనేళ్ళవాడు, పలుపులు కోసి ఎడ్లను వదిలిపెట్టి వస్తానని కొట్టం వైపు వెళ్ళాడు.

"నీళ్ళు నడుము దాకా వచ్చాయి. ఒక అల ముఖాన కొట్టింది. నోట్లోకి వెళ్ళాయి. ఉప్పగా ఉన్నాయి అల్లుడుగారూ! అప్పుడు తెలిసింది అది ఏరు కాదని. 'నాన్నా, ఉప్పనీళ్ళు, ఉప్పనీళ్ళు' అని అరిచాను. అందరం అటక ఎక్కాం. వాడు మాత్రం కొట్టం దగ్గరే వున్నాడు."

ఉప్పెన అనే మాటలో ఉప్పు వున్నదని నేను తరగతిలో ఇరవై ఏళ్ళుగా చెపుతున్నాను. ఇకముందు ఆ పాఠం ఎలా చెప్పాలో నాకు తెలియడం లేదు.

ఆ రాత్రి సముద్రం అయిదు మీటర్ల ఎత్తున లేచి దీవి లోపలికి మైళ్ళకొద్దీ వచ్చింది. ప్రభుత్వపు లెక్కల్లోనే సుమారు 10,000 మంది పోయారు. అంతకంటే చాలా ఎక్కువని స్థానికుల మాట. సొర్లగొంది, నాలి, పాలకాయతిప్ప వంటి వూళ్ళు పూర్తిగా తుడిచిపెట్టుకుపోయాయి. బయటి వూళ్ళనుంచి కోతకు వచ్చిన కూలీల లెక్క ఎవరి దగ్గరా సరిగా లేదు. రామారావు, నాగేశ్వరరావుగార్లు జోలె పట్టి వీథుల్లో తిరిగి విరాళాలు పోగుచేసింది ఈ ఉప్పెనకే. మనవారికి ఇది కొత్తదీ కాదు. 1864 నవంబరు 1న బందరును ముంచిన ఉప్పెనలో సుమారు 30,000 మంది పోయారు.

నేను చదివిన డచ్చివారికీ ఇటువంటి రాత్రి ఒకటి వున్నది. 1953 జనవరి 31న, అదీ శనివారమే, ఉత్తర సముద్రం కట్టలు తెంచుకొని దక్షిణపు దీవులమీద పడింది. ఆ దేశంలో 1,836 మంది పోయారు. ఆ తరువాత వాళ్ళు ఏటి ముఖద్వారాలకు గోడలు, తలుపులు కట్టడం మొదలుపెట్టి 1997 దాకా కట్టారు. మనమూ ఊరుకోలేదు. సముద్రపు కరకట్ట వేశారు, తుఫాను షెల్టర్లు కట్టారు, ముందుగా హెచ్చరించి జనాన్ని తరలించడం నేర్చుకున్నారు. 1990 మే నెలలో దాదాపు అంత బలమైన తుఫాను మళ్ళీ ఈ కృష్ణ ముఖద్వారం దగ్గరే వచ్చింది. లక్షమందికి పైగా ముందే తరలించారు. పోయినవారు వెయ్యికి లోపు. వెయ్యి తక్కువని కాదు, పదివేల పక్కన పెట్టి చూడమని. డచ్చివాడు నీటికి తలుపు వేశాడు, మనము మనుషులను లేపి నడిపించాము. మన పద్ధతిలో ప్రతిసారీ ఎవరో ఒకరు వెళ్ళి ప్రతి తలుపూ తట్టాలి. తట్టేవాడు ఆలస్యం చేస్తే మళ్ళీ 1977.

సొర్లగొందిలో కారు దిగాము. ఉప్పెన తరువాత కట్టిన యిళ్ళు, వాటి పక్కన ఈమధ్య కట్టిన డాబాలు, మధ్యలో పిల్లల క్రికెట్టు. విషాదం చూడాలని వెళ్ళినవాడికి అక్కడ ఏమీ కనబడదు. గోడమీద ఆరేసిన బట్టలు కనబడతాయి. ఆ వూళ్ళోని సగం మందికి ఆనాటికి పుట్టుకే లేదు కదా.

వీళ్ళ పల్లె అక్కడికి కొంత దూరం. వీళ్ళ యిల్లు వుండిన చోటు ఎంత తిరిగినా దొరకలేదు. "ఇక్కడ చింతచెట్టు వుండాలి" అని మూడుచోట్ల అన్నది. చింతచెట్టు లేదు, పొలమే లేదు. కరకట్ట ఎక్కి చూస్తే ఎటు చూసినా చదరపు చెరువులు. వాటిలో తిరిగే చక్రాలు నీళ్ళను తెల్లగా చిలుకుతున్నాయి. రొయ్యల చెరువులు. ఒక నడివయసు రైతు చెరువుగట్టు మీద మేత చల్లుతున్నాడు. మమ్మల్ని చూసి వచ్చి, ఎవరి తాలూకు అని అడిగి, వీళ్ళ నాన్నగారి పేరు చెప్పేసరికి "రండమ్మా, కూర్చోండి" అని తువ్వాలుతో గట్టు దులిపాడు. వాళ్ళ నాన్నకు వీళ్ళ కుటుంబం తెలుసునట.

అత్తగారు చెరువు వంక చూపించి "ఇవి ఏ నీళ్ళు నాయనా?" అన్నది.

"ఉప్పనీళ్ళే నమ్మా. పోటుకు ఏటిపాయలోంచి ఇంజనుతో తోడి పెడతాం."

"ఉప్పనీళ్ళను మీరే తోడి పొలంలో పెట్టుకుంటున్నారా?"

ఆ ప్రశ్న ఆవిడ కోపంగా అడగలేదు. నిజంగా అర్థంకాక అడిగింది. ఆ రాత్రి వచ్చిన ఉప్పు పొలాన్ని వదలడానికి ఎన్ని కార్లు పట్టిందో ఆవిడకు తెలుసు. తండ్రి ఆ ఉప్పునేలమీద మళ్ళీ వరి పండించలేకనే అమ్ముకొని లేచిపోయాడు.

రైతు కొంచెంసేపు ఊరుకున్నాడు. "ఏం చెయ్యమంటారమ్మా? కాలవ చివర మాది. పైన అందరూ తడుపుకున్నాక మిగిలితే మాకు. నారు పోసి ఆకాశం వంక చూసిన ఏళ్ళు ఎన్నో వున్నాయి. తీపినీళ్ళు అడిగినా రావు, ఉప్పునీళ్ళు అడక్కపోయినా వస్తాయి. వచ్చేవాటినే పెట్టుకున్నాం" అన్నాడు. రొయ్యకు మంచి ధర వచ్చిన ఏడు డాబా వేశాడట. తెగులు తగిలిన ఏడు అది తాకట్టు పెట్టాడట. పక్కన ఇంకా వరి వేసే ఇద్దరు ముగ్గురు వున్నారు, ఈ చెరువుల ఉప్పు ఊటకు వాళ్ళ చేలు పోతున్నాయని వాళ్ళకూ వీళ్ళకూ తగాదా. అది కూడా దాచకుండా ఆయనే చెప్పాడు. తాగేనీళ్ళు డబ్బాలు కొనుక్కుంటారు. పులిగడ్డలో పైన వంతెనమీద నిండుగా పోతున్న కాలవ నాకు గుర్తుకు వచ్చింది. ఇదీ ఆ కాలవ ఊరే, కాగితం మీద.

"గాలి వస్తే ఏం చేస్తారు?" అన్నది అత్తగారు.

"ఇప్పుడు ఫోనులో మూడురోజుల ముందే చెపుతారమ్మా. షెల్టరుకు పోతాం." ఆగి, "ఇంజన్లు మాత్రం వదిలి రాబుద్ధి కాదు. లక్షలు పోసి కొన్నవి. కుర్రాళ్ళు 'విప్పి తెస్తాం' అని మళ్ళీ వెనక్కు పరుగెత్తుతారు" అన్నాడు.

అత్తగారు ఆయన ముఖంలోకి చూసింది. "పోనివ్వకు నాయనా" అన్నది. "ఎడ్లయినా అంతే. ఇంజన్లయినా అంతే. పోనివ్వకు."

ఆయనకు ఎడ్ల సంగతి తెలియదు. కాని "అలాగేనమ్మా" అని చేతులు జోడించాడు.

వెళ్ళేటప్పుడు ఒక పెద్ద క్యారేజీ నిండా రొయ్యలు ఐసు వేసి ఇచ్చాడు. డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు. కరకట్ట దిగేముందు ఆవిడ ఒక్కతే అవతలివైపు వాలుకు రెండడుగులు దిగి, మడచెట్ల మీదుగా దూరంగా గీతలా కనబడుతున్న సముద్రం వంక కొంతసేపు నిలబడింది. మా ఆవిడ వెంట వెళ్ళబోతే నేనే ఆపాను. మా అమ్మాయి మాత్రం ఎవరూ ఆపేలోగా వెళ్ళి ఆవిడ చెయ్యి పట్టుకుంది. "అమ్మమ్మా, ఆ తాతయ్య పేరేమిటి?" అని అడిగింది. తమ్ముడు ముదిమి ఎరగని వాడు, పదిహేనేళ్ళవాడు. వాణ్ణి తాతయ్య అనేసరికి ఆవిడకు ముందు నవ్వు వచ్చింది, తరువాత ఏడుపు వచ్చింది. పేరు చెప్పింది. మా ఆవిడకు కూడా ఆ పేరు అంతవరకు తెలియదు.

తిరుగుదారిలో అవనిగడ్డ దగ్గర ఉప్పెన మృతుల స్మారకస్తూపం ముందు కారు ఆపించి, మోపిదేవిలో కొన్న పూలు మిగిలి వుంటే అక్కడ పెట్టింది. వాడిపోయిన పూలండీ అని డ్రైవరు మొహమాటపడ్డాడు. పరవాలేదన్నది.

వుయ్యూరులో దింపుతామంటే "ఇక్కడ ఒక్కతినీ కూర్చుని ఏం చేస్తాను, మీతో వస్తాను" అని మాతోనే రైలెక్కింది. రైల్లో పిల్లలు నిద్రపోయారు. రొయ్యల క్యారేజీ కాళ్ళ దగ్గర పెట్టుకొని, తుని దాటే వేళకు కాబోలు, ఆవిడ నన్ను పిలిచింది.

"అల్లుడుగారూ, మీరు పండుగకు వెళుతుంటారే, ఆ ముత్యాలమ్మపాలెం, ఇంటినుంచి ఎంత దూరం?"

"ఎంతో దూరం లేదండీ" అన్నాను. "ఆటోలో వెళ్ళి వచ్చేయవచ్చు."